చిమ్నీ స్విఫ్టుల రాత్రి బసలు వెతకబోయే ముందు జాగ్రత్తలు

చిమ్నీ స్విఫ్ట్ అంటే చిమ్నీల్లో, అంటే పొగగొట్టాల్లో, గూడు కట్టి రాత్రి బస చేసే చిన్న పిట్ట. ఇది తూర్పు అమెరికా, కెనడా నగరాల మాట. గూడు కట్టే రోజుల్లో ఒక చిమ్నీలో సాధారణంగా ఒక జంటే ఉంటుంది. వందలు, వేలుగా దిగేది దక్షిణ అమెరికాకు వలసపోయే ముందు, ఆగస్టు చివర, సెప్టెంబరులో.

• చిమ్నీలను పగలే చూసిపెట్టుకోండి: పాత బడులు, చర్చిలు, ఫ్యాక్టరీలవి. ఈ పిట్ట కొమ్మ మీద వాలలేదు, గోళ్లతో గరుకు ఇటుకను పట్టుకుని వేలాడుతుంది. కాబట్టి లోపల రేకు గొట్టం దించినవీ, పైన మూతో జాలీయో ఉన్నవీ జాబితాలోంచి తీసేయండి.

• సూర్యాస్తమయానికి అరగంట ముందే చేరాలి. చలి, ముసురు ఉంటే ఇంకా ముందే దిగిపోతాయి.

• నిలబడే చోటే అసలు కీలకం. చిమ్నీ అంచు వెనక పడమటి వెలుగు ఉండాలి. చెట్టో గోడో ఉంటే ఆఖర్లో దిగేవి కంటికి ఆనవు.

• పైన గుంపు తిరిగినంత మాత్రాన బస దొరికినట్టు కాదు, ఎదురుగా మరో చిమ్నీ ఉండొచ్చు. లోపలికి దిగినవే పదేసి చొప్పున లెక్కపెట్టి, మళ్లీ బయటికొచ్చినవి తీసేయండి. ఆఖరి పిట్ట దిగాక పది నిమిషాలు ఆగండి. ఆ వేళకు గబ్బిలాలూ తిరుగుతాయి, వాటిని కలపకండి.

• అంచున డేగ కాచుకుని ఉంటే ఆ సాయంత్రం లెక్కను నమ్మొద్దు.

• తలెత్తి చూస్తూ నడవొద్దు, రోడ్డు మీదికి వెళ్లిపోతారు. మెరిసే చారల జాకెట్ వేసుకోండి.

• బడి ఆవరణకు ముందే అనుమతి అడగండి. బైనాక్యులర్ ఇళ్ల కిటికీల వైపు తిరిగితే ఎవరో ఒకరు పోలీసులకు ఫోన్ చేస్తారు.

• పైకప్పు ఎక్కొద్దు, చిమ్నీ నోట్లోకి టార్చి, ఫ్లాష్ కొట్టొద్దు. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం వీటికి వర్తిస్తుంది.