స్మార్ట్ వాచీ చూపించే బీపీని నమ్మేముందు

స్మార్ట్ వాచీ కొన్నరా? ఇంట్ల పెద్దోళ్ళకు కట్టేముందు ఒక పని చెయ్యిండ్రి. తువ్వాలను చేతిమందం చుట్టి, దానికి వాచీ బిగించి గుండె వేగం, బీపీ చూడుండ్రి. మాదాంట్ల తువ్వాలకు గుండె నిమిషానికి 78 సార్లు కొట్టుకుంది! వెనక ఉండే పచ్చ లైటు రక్తం ఎంత వెలుగు పీల్చుకుంటున్నదో చూసి లెక్క గడతది; ఎదురుంగ ఉన్నది చెయ్యో తువ్వాలో దానికి ఏం ఎరుక? చేతికి కడితే గుండె వేగం చాలావరకు సరిగనే వస్తది. బీపీ అట్ల కాదు. పట్టీ ఉబ్బి రక్తనాళాన్ని నొక్కకుంటే అది అంచనానే.

అందుకే మా బాపుకు భుజం కింద చుట్టే పట్టీ మిషన్ తెచ్చిన. హన్మకొండల డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు సంచిల ఏసుకపోయి, ఆయన చూసినంక అదే చేతికి మనది పెట్టి పోల్చుకున్నం. చాయ్ తాగినంక అరగంట ఆగి, 5 నిమిషాలు ఊకె కూసొని చూడాలె. చెయ్యి గుండె ఎత్తుల ఉండాలె, మాట్లాడొద్దు. మా బాపుతోని గదే కష్టం.

సూది గుచ్చకుంట షుగర్ చూపిస్తమనే వాచీలు, ఉంగరాల జోలికి పోవద్దు. అసొంటివాటికి వేటికీ తాము అనుమతి ఇయ్యలేదని అమెరికాల మందులు, వైద్య పరికరాలను పరిశీలించే సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిల హెచ్చరించింది.

మరి వాచీ దండుగనా? మందుల టైముకు చేతి మీద గుర్రుమనేటట్టు పెట్టిన. భద్రకాళి బండ్ మీద నడకకూ పనికొస్తది, 100 అడుగులు నోటితో లెక్కపెట్టి సరిచూసుకుంటే. బండి మీద కాజీపేట పోయొచ్చినా అడుగులు ఎక్కినయ్, అది వేరే ముచ్చట.