అమ్మానాన్నల కోసం కొనేటప్పుడు

ఇంకొకరి కోసం కొనేటప్పుడు, ఇచ్చిన రోజు వాళ్ల మొహం ఎలా వెలుగుతుందో అన్నదే మనకు కనిపిస్తుంది. ఆ వస్తువుతో రోజూ వేగాల్సింది వాళ్లు. అమెరికాలో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త విద్యార్థులను అడిగి 1993లో ఒక లెక్క తేల్చాడు: కానుకకు పుచ్చుకున్నవాళ్లు కట్టే విలువ, కొన్న ధరకన్నా పదో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువ.

కాబట్టి అడిగి కొనండి. "నీకేం కావాలి?" అంటే అమ్మ "నాకెందుకురా ఇప్పుడు" అంటుంది. "బీరువాలో ఏ చీర ముందు తీస్తావు? ఏది అసలు తీయవు?" అనండి, అసలు సంగతి బయటికొస్తుంది. విశాఖ ఉక్కపోతకు నూలు చీరే సుఖం, నిజమే. కానీ పొందూరు ఖద్దరుకు గంజి పెట్టాలి, ఇస్త్రీ చేయాలి. ఆ పని చేసిపెట్టేవాళ్లు ఇంట్లో లేకపోతే ఎంత మంచి చీరైనా బీరువాలోనే ఉంటుంది. జగదాంబ సెంటర్లో కొన్నా, ద్వారకానగర్‌లో కొన్నా మార్పిడి గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించండి. అమ్మ చూసి సరే అనేదాకా ఫాల్ కుట్టించకండి, జాకెట్టు ముక్క కత్తిరించకండి.

చెప్పుల దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. పాత జత నంబరు నమ్మొద్దు. వయసుతో పాదం వెడల్పవుతుంది. సాయంత్రానికి కాళ్లు కాస్త ఉబ్బుతాయి, అప్పుడు కొలవండి. కాగితం మీద నిలబెట్టి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని రెండు పాదాల చుట్టూ గీయండి. పెద్ద పాదం కొలతకు వేళ్ల ముందు ఒక సెంటీమీటరు కలపండి. ఆ కాగితం షాపుకు తీసుకెళ్లి చెప్పు లోపలి అట్టకు ఆనించి చూడండి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు వెనక పట్టీ ఉన్నదే కొనాలి. లేకపోతే చెప్పు జారిపోయినా తెలియదు. బొటనవేలి దగ్గర ఒరుసుకునే రకం అసలే వద్దు.

బీపీ మిషన్‌కు ధరకన్నా ముందు చేతి పట్టీ చూడాలి. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో టేపుతో చుట్టుకొలత తీయండి. మామూలు పట్టీలు చాలావరకు 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతులకు సరిపోతాయి. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, అనవసరంగా హడలిపోతారు.

బిల్లు, వారంటీ కార్డు వస్తువుతోపాటే వాళ్లకు ఇచ్చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కొన్నవాళ్ల సమ్మతితో వాడుకునేవాళ్లు కూడా వినియోగదారులే. వస్తువు చెడితే మీరు ఊళ్లో లేకపోయినా అమ్మ తనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.