ఇంట్లో ఎనిమిది అడుగుల గాజు అక్వేరియం కట్టుకోవడం ఎలా?

పెద్ద అక్వేరియం కట్టుకోవాలనుకునే వారు చేపలను ఎంచుకోవడానికి ముందే నీటి బరువును లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు ఎనిమిది అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు ఉన్న తొట్టిని తీసుకుందాం. పైన కొంత ఖాళీ వదిలి నింపినా ఇందులో దాదాపు 1,000 లీటర్ల నీరు పడుతుంది, అంటే నీరే ఒక టన్ను. అద్దాలు సుమారు 240 కిలోలు, ఆపై ఇనుప స్టాండు, అడుగున పరిచే ఇసుక, రాళ్లు కలిపితే మొత్తం ఒకటిన్నర టన్నుకు దగ్గర పడుతుంది. మన దేశంలో నివాస గదుల శ్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల వినియోగ భారానికి (మనుషులు, సామాను మోపే బరువుకు) రూపొందిస్తారు. ఈ తొట్టి తాను నిలిచిన చోట మోపే బరువు దానికి దాదాపు నాలుగు రెట్లు. అందుచేత గట్టి నేల మీద వేసిన గ్రౌండ్ ఫ్లోరే దీనికి తగిన చోటు. పై అంతస్తులో పెట్టాలనుకుంటే స్ట్రక్చరల్ ఇంజినీరుకు భవనం డ్రాయింగులు చూపించి, రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకున్న తర్వాతే ముందుకు సాగాలి. ఎండ నేరుగా పడే గోడ పక్కన పెడితే నాచు అదుపులో ఉండదు. దగ్గరలో ఫ్లోర్ ట్రాప్ (నేలలో నీరు పోయే జాలీ) ఉంటే నీరు మార్చే ప్రతిసారీ ఆ సౌకర్యం విలువ తెలుస్తుంది.

అద్దం మందం ఎంత ఉండాలి?

అద్దం మీద నీటి ఒత్తిడి లోతును బట్టే పెరుగుతుంది, తొట్టి వెడల్పుకు దానితో సంబంధం లేదు. మన తొట్టిలో 60 సెంటీమీటర్ల ఎత్తుకు నీరు నింపితే ముందు అద్దాన్ని బయటకు నెట్టే బలం సుమారు 440 కిలోలు. అదే పొడవుకు నీటి ఎత్తును 75 సెంటీమీటర్లకు పెంచితే ఆ బలం 690 కిలోలకు చేరువవుతుంది. అందుకే ఇంట్లో కట్టుకునే వారికి నేను ఇచ్చే సలహా ఒక్కటే: వెడల్పు ఎంతైనా పెంచుకోండి, ఎత్తును మాత్రం రెండు అడుగుల దగ్గర ఆపండి. చేపలు తిరగడానికి కావలసింది కూడా ఆ వెడల్పే, పైగా చేయి అడుగుకు అందితేనే శుభ్రం చేయడం సాధ్యమవుతుంది.

ఈ ఎత్తుకు 15 మిల్లీమీటర్ల మామూలు ఫ్లోట్ అద్దాన్ని ఎంచుకోవాలి. ఎత్తు 75 సెంటీమీటర్లయితే 19 మిల్లీమీటర్లకు వెళ్లక తప్పదు. టఫెన్డ్ అద్దం (వేడి చేసి గట్టిపరచినది) బలమైనదే అయినా, పగిలితే ఒక్కసారిగా ముక్కలై నీరంతా గదిలోకి వస్తుంది, పైగా టఫెన్ చేశాక దానికి రంధ్రం వేయలేము. కొలతలు ఇచ్చేటప్పుడు అతుకుల ఖాళీని (అద్దాల మధ్య జిగురు నిండే సందును) కూడా లెక్కలో పెట్టాలి. అడుగు అద్దం 2440 × 760 మిల్లీమీటర్లు అనుకుంటే, దాని మీద నిలిచే ముందు, వెనుక అద్దాలు 2440 × 600 ఉండాలి. వాటి మధ్య ఇమిడే పక్క అద్దాల వెడల్పు 760 నుంచి రెండు అద్దాల మందం 30, రెండు అతుకుల ఖాళీ 6 తీసివేయగా 724 మిల్లీమీటర్లు. అంచులన్నిటికీ పాలిష్ చేయించాలి, ఫిల్టర్ పైపుకు రంధ్రం కావాలంటే షాపులోనే వేయించాలి. అద్దాలు ఇంటికి చేరగానే ప్రతి మూలను వెలుగులో పరిశీలించి, చిన్న పెచ్చు లేచి ఉన్నా తిప్పి పంపాలి, ఎందుకంటే పగుళ్లు మొదలయ్యేది అక్కడి నుంచే.

స్టాండును మందపాటి చదరపు ఇనుప పైపులతో వెల్డింగ్ చేయించి, రెడ్ ఆక్సైడ్, ఆపై పెయింటు వేయించాలి. నిలువు కాళ్లు పై ఫ్రేము బరువును నేరుగా నేలకు దింపేలా ఉండాలి, బరువు వెల్డింగ్ మీద వేలాడకూడదు. స్టాండు చివరిగా ఉండే చోట నిలిపి, రసమట్టంతో పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకు చూడాలి. దాని మీద మెరైన్ ప్లైవుడ్, ప్లైవుడ్ మీద దట్టమైన థర్మాకోల్ షీటు పరిస్తే చిన్న ఎగుడుదిగుడులు అద్దానికి తగలవు. తొట్టిని ఈ స్టాండు మీదే అతికించడం మంచిది, ఎందుకంటే పూర్తయిన తొట్టిని ఎత్తి జరపడం, తలుపులోంచి తేవడం ఇంటి మనుషుల వల్ల అయ్యే పని కాదు.

అతికించే రోజు

అద్దాలను అతికించే జిగురు సిలికాన్. బూజు పట్టకుండా చేసే (యాంటీ ఫంగల్) రసాయనం కలపని, అక్వేరియంకు పనికివస్తుందని ట్యూబు మీద రాసి ఉన్న సిలికాన్‌నే కొనాలి. బాత్రూం టైల్స్‌కు వాడే రకం చేపలను చంపుతుంది. ఈ కొలతకు 300 మిల్లీలీటర్ల ట్యూబులు ఐదారు పడతాయి. అతికే అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తర్వాత చేతితో తాకకూడదు. అతుకు పక్కన అద్దానికి మాస్కింగ్ టేపు వేసుకోవాలి. ముందు అద్దం ఒక్కటే 55 కిలోల బరువు ఉంటుంది కాబట్టి ముగ్గురు మనుషులు, సక్షన్ కప్పులు అవసరం. అడుగు అద్దం అంచున సిలికాన్‌ను తెగకుండా ఒకే ధారగా వేసి మొదట వెనుక అద్దాన్ని, తర్వాత పక్క అద్దాలను, చివరకు ముందు అద్దాన్ని నిలపాలి. అద్దం అద్దాన్ని తాకకుండా మధ్యలో మూడు మిల్లీమీటర్ల స్పేసర్లు (సందు నిలిపే చిన్న ముక్కలు) పెట్టాలి, లేకపోతే సిలికాన్ అంతా బయటకు పిండుకుపోయి అతుకులో పట్టు మిగలదు. మూలమట్టంతో లంబంగా ఉన్నాయో లేదో చూసి, చుట్టూ పట్టీలు బిగించి, లోపలి మూలల్లో మరో పూత వేసి వేలితో నునుపు చేయాలి. పైపొర నిమిషాల్లోనే తోలు కడుతుంది కనుక టేపును ఆలస్యం చేయకుండా లాగేయాలి.

రెండు రోజుల తర్వాత పైఅంచుకు కాస్త దిగువన, ముందు వెనుకల పొడవునా నాలుగు అంగుళాల వెడల్పు అద్దపు పట్టీలు, మధ్యలో అడ్డంగా మరో రెండు అతికించాలి. పొడవాటి అద్దం మధ్యలో ఉబ్బకుండా ఆపేవి ఇవే.

ఆ తర్వాత రెండు వారాలు తొట్టిని ముట్టుకోకూడదు. సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది, కానీ అద్దాల మధ్య ఇరుక్కున్న అతుకులోకి ఆ తేమ అంచుల నుంచి మాత్రమే, రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున చేరుతుంది. పైన గట్టిగా ఉన్నా లోపల ఇంకా పచ్చిగానే ఉండవచ్చు. వెనిగర్ వాసన వస్తున్నంత కాలం నీరు పోయవద్దు.

నీటి పరీక్షలో తొందర పనికిరాదు. మొదటి రోజు పావు వంతు, మర్నాడు సగం, ఆపై రోజు ముప్పావు, తర్వాత పూర్తిగా నింపాలి. తొట్టి చుట్టూ పొడి వార్తాపత్రికలు పరిస్తే చెమ్మ ఎక్కడ మొదలైందో చుక్క పడగానే కనిపిస్తుంది. ముందు అద్దానికి అడ్డంగా దారం బిగించి, మధ్యలో ఉబ్బు ఎంతో ప్రతి దశలో రాసుకోవాలి. పూర్తిగా నిండాక అది రోజురోజుకూ పెరుగుతుంటే వెంటనే నీరు తీసేయాలి. కారుతున్న చోట పైపైన సిలికాన్ రాయడం వృథా, ఎందుకంటే పాత సిలికాన్‌కు కొత్తది సరిగా పట్టదు. ఆ అతుకును బ్లేడుతో పూర్తిగా కోసి, గీకి, మళ్లీ వేయాలి.

వారం రోజులు నిండుగా నిలిచిన తర్వాత ఆ నీటిని పారబోసి, ఫిల్టర్ అమర్చాలి. కింద సంప్ (ఫిల్టర్‌గా పనిచేసే రెండో తొట్టి) పెట్టే వారు కరెంటు పోయినప్పుడు పై నుంచి దిగే నీరంతా పట్టేలా సంప్‌లో ఖాళీ ఉంచాలి. మోటారు ఆపి దీన్ని ఒకసారి కళ్లతో చూసుకోవాలి. కుళాయి నీటిలోని క్లోరిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో తొలగించాలి. ఫిల్టర్‌లో చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషపు అమోనియాను హరించే మేలుచేసే బ్యాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొద్దిగా అమోనియా కలిపి, ఒక రోజులో అదీ, దాని నుంచి పుట్టే నైట్రైటూ టెస్ట్ కిట్‌లో సున్నాకు వచ్చినప్పుడు, ముందుగా నాలుగైదు చిన్న చేపలను వదలవచ్చు.