ఆఫర్ తీసుకున్నారు, జాయిన్ కాలేదు: సీమ నియామకాల్లో ఎక్కడ జారిపోతోంది?

అనంతపురం, కర్నూలు, కడపల్లో ఫ్యాక్టరీలకు మనుషుల్ని తీసుకునే టాలెంట్ అక్విజిషన్ డైరెక్టర్ పొద్దున్నే వినే ఫిర్యాదు ఒకటే: "మనుషులు దొరకడం లేదు." ఆ మాట పట్టుకుని ప్రకటనల బడ్జెట్ పెంచకండి. ముందు ఒక్కో పోస్టుకూ గత మూడు నెలల లెక్క ఆరు గడుల్లో వేయండి: దరఖాస్తులు, స్క్రీనింగ్ దాటినవారు, ఇంటర్వ్యూకి వచ్చినవారు, ఆఫర్లు, జాయినింగ్‌లు, 90 రోజులు నిలిచినవారు. సంఖ్య ఏ గడిలో కూలిందో చూసుకుని కింద ఆ సమస్య దగ్గరికి వెళ్లండి.

సమస్య: దరఖాస్తులు గుట్టలు, పనికొచ్చేవి పిడికెడు

కారణం చాలాసార్లు జేడీలోనే, అంటే ఏ పని, ఏ అర్హతలు అని చెప్పే ఉద్యోగ వివరణలోనే ఉంటుంది. బెంగళూరు హెడ్డాఫీసు రాసిన జేడీని మార్చకుండా పెనుకొండ వైపు లైన్ సూపర్‌వైజర్ పోస్టుకు వాడతారు. అందులో ధారాళమైన ఇంగ్లిష్ అడుగుతారు కానీ, మూడు షిఫ్టులు చేయగలరా అని అడగరు.

పరిష్కారం: ప్రకటన ఇచ్చే ముందు హైరింగ్ మేనేజర్‌తో (ఎవరి విభాగంలో పోస్టు ఖాళీగా ఉందో ఆ మేనేజర్‌తో) అరగంట కూర్చోండి. తప్పనిసరి అర్హతలు మూడే రాయించండి. నాలుగోది చెబితే, అది చేరాక నేర్పలేమా అని అడగండి. మరుసటి రోజే రెండు నమూనా రెజ్యూమేలు పంపండి. రెండూ వద్దంటే వెతుకులాట ఆపి, జేడీ తిరగరాయండి.

సమస్య: ఇంటర్వ్యూ అయ్యింది, జవాబు లేదు

మేనేజర్‌కు తీరిక లేదు, అంతే. ఇంటర్వ్యూ ముగిసిన 48 గంటల్లో అవునో కాదో రాకపోతే ఆ పోస్టుకు కొత్త రెజ్యూమేలు ఆపేస్తామని ముందే చెప్పండి, ఆపేయండి కూడా. మొహమాటపడితే ఈ సమస్య తీరదు.

సమస్య: ఆఫర్‌కు సరే అన్నారు, జాయినింగ్ రోజు ఫోన్ స్విచాఫ్

అన్నిటికంటే ఖరీదైన నష్టం ఇదే. దీనికి ఒక్క కారణం ఉండదు.

మొదటిది నోటీసు పీరియడ్. బెంగళూరు నుంచి సొంతూరి వైపు రావాలనుకునేవారికి అక్కడ 60 నుంచి 90 రోజుల నోటీసు ఉంటుంది. ఈలోగా పాత కంపెనీ జీతం పెంచుతుంది, లేదంటే మీ ఆఫర్ చూపించి మరోచోట బేరం కుదుర్చుకుంటారు. ఆఫర్ ఇచ్చిన ఏడు రోజుల్లో రాజీనామా అందినట్టు పాత కంపెనీ ఇచ్చిన మెయిల్ కాపీ అడగండి. అది రాకపోతే ఆ పేరును ఖాయంగా లెక్కపెట్టకుండా, రెండో అభ్యర్థితో మాటలు కొనసాగించండి. వారానికోసారి ఫోన్ చేయాల్సింది హెచ్‌ఆర్ కాదు, రేపు అతనితో పని చేయించుకునే మేనేజరే.

రెండోది ఇల్లు. "ఇంట్లో మాట్లాడి చెప్తా సార్" అనే మాటను తప్పించుకోవడం అనుకోవద్దు, నిర్ణయం నిజంగానే అక్కడ జరుగుతుంది. జీతం, షిఫ్టు, బస్సు, సెలవులు ఒకే పేజీలో తెలుగులో రాసి ఆఫర్ లెటర్‌తో పంపండి. జాయినింగ్‌కు రెండు తేదీలివ్వండి. ఆషాఢం వద్దంటే వాదించకుండా రెండో తేదీ ఖాయం చేయండి.

మూడోది సీటీసీ (ఒక ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) లెక్క. నెలకు సీటీసీ 20,000, అందులో బేసిక్ 10,000, గ్రాస్‌లో (కోతలకు ముందు జీతంలో) మిగతాది ఇంటి అద్దె అలవెన్సు అనుకోండి. కంపెనీ వాటాగా బేసిక్ మీద పీఎఫ్ 12 శాతం చొప్పున 1,200, గ్రాట్యుటీ 4.81 శాతం చొప్పున 481, గ్రాస్ మీద ఈఎస్‌ఐ 3.25 శాతం చొప్పున 577 తీసేస్తే గ్రాస్ 17,742. అందులోంచి ఉద్యోగి పీఎఫ్ 1,200, ఈఎస్‌ఐ 134, వృత్తి పన్ను 150 పోతే చేతికొచ్చేది 16,258. ఇరవై వేలని ఊళ్లో చెప్పుకున్నవాడికి ఈ సంఖ్య మొదటి జీతం రోజున తెలిస్తే రెండో నెల ఉండడు. ఆఫర్‌కు ముందే ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. గ్రాస్ 21,000 దాటి ఈఎస్‌ఐ వర్తించనివారికి ఆరోగ్య బీమా ఉందో లేదో కూడా అందులోనే రాయండి.

క్యాంపస్ నుంచి తీసుకున్నవారి విషయంలో మరో చిక్కుంది: బ్యాక్‌లాగ్‌లు. జేఎన్‌టీయూ అనంతపురం పరిధిలోని కాలేజీలో ఫైనలియర్ చదివేవారికి ఆఫర్ ఇస్తే, ఎన్ని సబ్జెక్టులు మిగిలాయో రాతపూర్వకంగా తీసుకోండి. ప్రొవిజినల్ సర్టిఫికెట్ వచ్చాకే జాయినింగ్ అని లెటర్‌లో ఉండాలి.

సమస్య: చేరారు, మూడు నెలల్లో మానేశారు

ముందు రవాణా చూడండి. ఓర్వకల్లు ప్లాంటుకు కర్నూలు నుంచి బస్సు పెట్టి, ఎక్కే చోటు కర్నూల్లోని నంద్యాల చెక్‌పోస్టు ఒక్కటే అంటే, పాతబస్తీ కుర్రాడు ఉదయం షిఫ్టుకు ఆటోకు రోజూ డబ్బులు పెట్టుకోవాలి. ఎంపికైనవారి చిరునామాలు మ్యాపులో గుర్తుపెట్టి, ఆ తర్వాతే ఎక్కే చోట్లు నిర్ణయించండి.

తర్వాత పోటీ పరీక్షలు. డీఎస్సీ, కానిస్టేబుల్, బ్యాంకు నోటిఫికేషన్ పడగానే నంద్యాల కోచింగుకు వెళ్లేవాళ్లుంటారు. ఇంటర్వ్యూలో "ప్రభుత్వ ఉద్యోగానికి రాస్తున్నావా?" అని గద్దిస్తే అబద్ధమే వస్తుంది. పరీక్ష రోజుకు సెలవిస్తామని చెప్పి అడగండి, నిజం చెబుతారు. అలాంటివారిని ఏడాది శిక్షణ కావాల్సిన మెషీన్ల మీద కాకుండా, వారంలో నేర్చుకునే పనుల్లో పెట్టండి.

సమస్య: అనుభవం కాగితం మీదే ఉంది

అనుభవ ధ్రువపత్రాలు డబ్బుకు దొరుకుతున్నాయి. అభ్యర్థి సమ్మతి రాసి తీసుకుని, అతని చేతే పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌వో పోర్టల్‌లో లాగిన్ చేయించి సర్వీస్ హిస్టరీ చూడండి. తేదీలు రెజ్యూమేతో కలవాలి. కలవనంత మాత్రాన మోసం అనుకోవద్దు: కాంట్రాక్టర్ కింద చేసినవారికి పీఎఫ్ వేరే సంస్థ పేరుతో ఉంటుంది, కొందరికి అసలు కట్టి ఉండరు. అప్పుడు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ చూడండి. సంబంధం లేని లావాదేవీలు కొట్టేసి ఇవ్వమనండి.

సమస్య: "మీ కంపెనీలో ఉద్యోగానికి డబ్బు కట్టాం" అంటూ గేటు దగ్గరికి వస్తున్నారు

మీ పేరు చెప్పుకుని బయట ఎవరో వసూలు చేస్తున్నారు, లేదా మీ కన్సల్టెన్సీ కింద ఉన్న సబ్ ఏజెంటే ఆ పని చేస్తున్నాడు. వచ్చినవారిని తరిమేయకండి. ఎవరికి, ఏ నంబరుకు, ఎంత పంపారో స్క్రీన్‌షాట్లతో సహా తీసుకుని, 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయించి, పోలీస్ ఫిర్యాదుకు సాయపడండి. డబ్బు తీసుకుంటే ఒప్పందం రద్దనే షరతును కన్సల్టెన్సీ ఒప్పందంలో చేర్చండి. "ఉద్యోగానికి రూపాయి కూడా తీసుకోం" అని తెలుగులో గేటు మీద, ప్రతి ఇంటర్వ్యూ పిలుపు సందేశం చివర, ఆఫర్ లెటర్ మొదటి పేజీలో వేయించండి.