ఇంగ్లండులో 'సిక్' అనే ముందు ఒక్క క్షణం ఆగండి

పోయిన శనివారం రాత్రి మా వీధిలో ఉండే ఖమ్మం కుర్రాడు తలుపు కొట్టాడు. వచ్చి నాలుగు నెలలైంది. మాస్టర్స్ చదువుకుంటూ, వీసా ఒప్పుకున్న ఆ వారానికి 20 గంటలూ ఒక హోటల్ కిచెన్‌లో పనిచేసుకుంటున్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "డ్యూటీకి వెళ్తే వెనక్కి పంపించేశారన్నా. రెండు రోజులు రావద్దన్నారు. మనవాళ్లంటే చులకన వీళ్లకి" అన్నాడు. కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అక్కడ ఏమన్నావో పొల్లు పోకుండా చెప్పమన్నాను. "ముందురోజు రాత్రి జ్వరం వచ్చింది కదా, 'ఐ వాజ్ సిక్ లాస్ట్ నైట్' అన్నా. అంతే అన్నా."

అంతే ఎలా అవుతుంది తమ్ముడూ! ఆ మాటకు ఈ దేశంలో అర్థం 'రాత్రి వాంతి చేసుకున్నాను' అని. వంట పనిలో ఉన్నవాళ్లకు వాంతులో విరేచనాలో అయితే, అవి పూర్తిగా తగ్గాక ఇంకో 48 గంటలు గడిచేదాకా కిచెన్‌లోకి రానివ్వకూడదు. ఇక్కడి ఆహార భద్రత పద్ధతి అది. ఆ మేనేజరు నీ రంగు చూడలేదు, నీ మాట విన్నాడు.

జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు రాయించుకోవడం, బ్యాంకు అకౌంటు, బస్ పాసు లాంటివి చెప్పడానికి మీకు పదిమంది దొరుకుతారు. ఈ ఒక్క మాట సంగతి ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు.

మేం లెస్టర్ వచ్చాక మొదటి జనవరి అది. పాప అప్పుడే రిసెప్షన్ క్లాసులో, అంటే ఇక్కడి బడిలో మొట్టమొదటి తరగతిలో చేరింది. ఒకరోజు పొద్దున్నే జలుబు, ఒళ్లు వెచ్చగా ఉంది. బడికి ఫోన్ చేసి 'మై డాటర్ ఈజ్ సిక్' అన్నాను. "అయ్యో, ఎన్నిసార్లు?" అని అడిగిందావిడ. ఈ దేశం వచ్చాక ఎన్నిసార్లు జబ్బు పడిందని అడుగుతోంది కాబోలు అనుకున్నాను. "మూడుసార్లు" అన్నాను. "చివరిసారి ఎప్పుడు?" అంది. "ఇవాళ పొద్దున్నే" అన్నాను. ఆవిడ చాలా మర్యాదగా, 48 గంటలు ఇంట్లోనే ఉంచండి అని చెప్పి పెట్టేసింది. మర్నాటికి పాప హాయిగా ఆడుకుంటోంది. బడికి తీసుకెళ్తే ఆఫీసులోనే ఆపేశారు. ఏజెన్సీ ద్వారా గోడౌన్‌లో పనిచేసే రోజులవి, రాని రోజుకు జీతం లేదు. రెండు షిఫ్టులు పోయాయి. ఆ వారం అద్దెకు తమ్ముడి దగ్గర అప్పు అడిగాను. ఏం తప్పు జరిగిందో తెలియడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.

మన భాషలో ఈ చిక్కే లేదు. నలతగా ఉంది, సుస్తీ చేసింది, ఒంట్లో బాగోలేదు అంటాం. అత్తయ్యకు నలతగా ఉందంటే ఆవిడ వాంతి చేసుకుందని ఎవరైనా అనుకుంటారా? వాంతికి వాంతే అంటాం, కడుపులో తిప్పితే వికారం అంటాం. ఇంగ్లీషువాళ్లు అన్నిటినీ ఒక్క మాటలో కుక్కేశారు. 'ఐ ఫీల్ సిక్' అంటే కడుపులో తిప్పుతోందని. 'ఐ వాజ్ సిక్' అంటే వాంతి అయిందని. 'సిక్ ఆఫ్ ఇట్' అంటే విసుగొచ్చిందని. కుర్రకారు 'దట్స్ సిక్' అంటే అదిరిందని. అదే మాట సెలవు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మామూలు జబ్బు అయిపోతుంది. 'ఆఫ్ సిక్', 'సిక్ లీవ్', 'సిక్ పే' అనడంలో ఏ ఇబ్బందీ లేదు. జ్వరమైనా, నడుము నొప్పైనా 'ఆఫ్ సిక్' అనొచ్చు. 7 రోజులు దాటితేనే డాక్టరు కాగితం కావాలి. ఒకప్పుడు దాన్ని సిక్ నోట్ అనేవారు, 2010 నుంచి ఫిట్ నోట్ అంటున్నారు.

అమెరికాలో ఉన్న మీ బావగారి ఇంగ్లీషు మాత్రం ఇక్కడికి తెచ్చుకోకండి. అక్కడ జలుబు చేసినా సిక్ అనే అంటారు, చెల్లుతుంది. ఇక్కడ 'ఇల్' అనండి, లేదా 'అన్‌వెల్' అనండి. ఆఫీసు మెయిల్‌లో రాయడానికి 'అన్‌వెల్' బాగుంటుంది. కాస్త నీరసంగా, తలనొప్పిగా ఉంటే 'అండర్ ద వెదర్' అంటారు. దానికీ వానకీ సంబంధం లేదు. మనం 'మోషన్స్' అంటే చాలామందికి అర్థం కాదు, 'డయేరియా' అనండి. జ్వరమైతే 'షీ హ్యాజ్ ఎ టెంపరేచర్' అంటారు. నూటొకటి ఉందని చెబితే అవతలివాళ్లు కంగారు పడతారు, ఇక్కడ లెక్క సెల్సియస్. 38 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే జ్వరం కిందే లెక్క. మూడు నెలల లోపు పసిబిడ్డకు 38 కనిపిస్తే ఇంగ్లీషు సంగతి పక్కనపెట్టి వెంటనే 111కి (ఇక్కడి ప్రభుత్వ వైద్య సలహా నంబరు) ఫోన్ చేయండి.

ఇక 'పూర్లీ'. నర్సరీ టీచరు మొదటిసారి మా పాప 'ఎ బిట్ పూర్లీ' అంటే చదువులో వెనకబడిందేమో అనుకుని ఆ రాత్రంతా మథనపడ్డాను. పిల్లల విషయంలో ఆప్యాయంగా అనే మాట అది, కాస్త నలతగా ఉందని. ముద్దుగానే ఉంటుంది. కానీ ఆ మాట ఆసుపత్రి నుంచి వస్తే జాగ్రత్త. నా భార్య కేర్ హోమ్‌లో పనిచేస్తుంది, ఆమె ద్వారానే నాకు తెలిసింది. డాక్టరో నర్సో 'వెరీ పూర్లీ' అన్నారంటే పరిస్థితి విషమంగా ఉందని అర్థం. మాకు తెలిసిన ఒకాయన వాళ్ల నాన్నగారు కొడుకును చూడ్డానికి వచ్చి ఇక్కడే ఆసుపత్రిలో చేరారు. రాత్రి తొమ్మిదికి ఫోన్ వచ్చింది, 'యువర్ డాడ్ ఈజ్ వెరీ పూర్లీ' అని. ఒంట్లో బాగోలేదనే కదా, తెలిసిందే కదా అనుకుని, ఆయనకు ఇష్టమని చారన్నం వండి, క్యారేజీలో సర్దుకుని పదిన్నరకు నా కారులో వెళ్లాడు. అప్పటికే అయిపోయింది. ఆ క్యారేజీ నా కారు వెనకసీటులో రెండు రోజులు ఉంది. తీసి కడగడానికి నాకూ చేతులు రాలేదు.

అందుకే ఇంతసేపు విసిగిస్తున్నాను. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా అడగండి. 'ఇప్పుడే బయల్దేరి రావాలా?' అనే ఒక్క ప్రశ్న చాలు, సూటిగా జవాబు చెబుతారు.

సరే, మరీ భయపెట్టాననుకుంటా. ఏ మాట వాడాలో ఆ క్షణంలో తోచకపోతే వదిలేయండి, జరిగింది చెప్పండి. 'జ్వరం, దగ్గు, నిన్న రాత్రి నుంచి, వాంతులు లేవు.' మీ ఇంగ్లీషు ఎలా ఉన్నా ఆ వాక్యం బడికీ, పనికీ, 111కీ పనికొస్తుంది. ఫోన్‌లో మాట్లాడలేకపోతే 111లోనూ, జీపీ దగ్గరా ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగొచ్చు, డబ్బు తీసుకోరు. తప్పు మాట అన్నా తర్వాత సరిచెప్పుకోవచ్చు. ఖమ్మం కుర్రాడి చేత ఆ రాత్రే మేనేజరుకు మెసేజ్ పెట్టించాను, వాంతులు కావు, జ్వరం మాత్రమే వచ్చింది, ఇప్పుడు తగ్గిందని. పది నిమిషాల్లో జవాబొచ్చింది, ఆదివారం సాయంత్రం షిఫ్టుకు రమ్మని.