గ్రీకు వెండి నాణెం మీద ఉన్నది ఏ దేవుడో పోల్చుకోవడం ఎలా

పాత గ్రీకు నాణెం ఫొటో కనిపించగానే చాలామంది ముఖం చూసి ఫలానా దేవుడని తేల్చేస్తారు. అలా చేయకండి. దేవతల రాజు జియుస్‌కీ గడ్డమే, సముద్ర దేవుడు పొసైడన్‌కీ గడ్డమే, ముఖం చూసి చెప్పడం కష్టం. మన గుళ్ళో ఆయుధాన్నీ వాహనాన్నీ బట్టి దేవుణ్ణి పోల్చుకున్నట్టే ఇక్కడా చేతిలో ఏముంది, తలమీద ఏముంది, పక్కన ఏ ప్రాణి ఉంది అనేది ముందు చూడాలి. త్రిశూలం ఉంటే పొసైడన్, వజ్రాయుధమో గద్దో ఉంటే జియుస్, సింహం తోలు తలకు తొడుక్కుంటే జియుస్ కొడుకైన వీరుడు హెరాక్లీస్.

మొదటగా ఏథెన్స్ టెట్రాడ్రాక్మ్ (నాలుగు డ్రాక్మాల నాణెం, డ్రాక్మా అంటే అప్పటి గ్రీకు వెండి నాణెం) తీసుకోండి, క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఆ ఊరికి దగ్గర్లోని లారియన్ గనుల వెండితో విపరీతంగా ముద్రించిన నాణెం ఇది, బరువు సుమారు 17 గ్రాములు. బొమ్మ వైపు ఆ ఊరి దేవత ఎథీనా, హెల్మెట్ మీద వరసగా ఆలివ్ ఆకులు. ముఖం పక్కకు తిరిగి ఉన్నా కన్ను మాత్రం మనవైపే సూటిగా చూస్తుంటుంది. బొరుసు వైపు ఆమె గుడ్లగూబ, దాని వెనక ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక, ముందు ఊరి పేరులోని మూడు అక్షరాలు. ఆలివ్ చెట్టు ఎథీనా ఆ ఊరికి ఇచ్చిన వరమని వాళ్ళ నమ్మకం, అందుకే అది రెండు వైపులా ఉంది. నెలవంకను పర్షియన్ యుద్ధాల్లో గెలుపుతో ముడిపెట్టేవాళ్ళున్నారు కానీ, నా మటుకు రాత్రి పక్షి పక్కన చంద్రుడు ఉండటానికి వేరే కారణం అక్కర్లేదనిపిస్తుంది.

హెల్మెట్ పెట్టుకున్న ఎథీనా కనిపించిందని ప్రతిదీ ఏథెన్స్ నాణెం అనుకోవద్దు. కొరింత్ అనే మరో గ్రీకు నగరపు వెండి నాణెం స్టేటర్ మీదా ఆమే ఉంటుంది, కాకపోతే తిప్పి చూస్తే రెక్కల గుర్రం పెగసస్, దాని కింద సున్నాకు తోక పెట్టినట్టుండే ‘కొప్పా’ అనే అక్షరం. గ్రీకు కథల్లో ఆ గుర్రాన్ని బెల్లెరోఫోన్ అనే వీరుడు లొంగదీసుకున్నది ఎథీనా ఇచ్చిన కళ్ళెంతోనే. అంటే బొమ్మా బొరుసూ కలిపి చదివితేనే కథ పూర్తవుతుంది!

కొన్నిటి మీద దేవుడి ముఖమే ఉండదు. ఎఫెసస్ నగరపు నాణెం మీది తేనెటీగ వేట దేవత ఆర్టెమిస్‌ది, మెటపొంటం నగరపు నాణెం మీది బార్లీ కంకి పంటల దేవత డిమీటర్‌ది. క్రోటన్ నగరపు నాణెం మీద మూడు కాళ్ళ పీఠం, డెల్ఫీ గుడిలో భవిష్యవాణి చెప్పించే దేవుడు అపోలోది, ఆయన వాక్కు ప్రకారమే ఆ ఊరు కట్టామని వాళ్ళు చెప్పుకునేవారు.

ఇదే పద్ధతి మనకు దగ్గరి నాణేలకూ పనికొస్తుంది. క్రీ.పూ. 180 ప్రాంతంలో గ్రీకు రాజు అగాథోక్లీస్ వేయించిన వెండి డ్రాక్మాలు ఆరు, 1970లో అఫ్గానిస్తాన్‌లోని ఐ ఖానుమ్‌లో దొరికాయి. వాటి మీద నాగలి పట్టుకున్నది బలరాముడు, చక్రం పట్టుకున్నది వాసుదేవుడు (కృష్ణుడు). ఒకవైపు గ్రీకు లిపి, రెండోవైపు బ్రాహ్మీ.

ఇక ఒక జాగ్రత్త. కనిపించిన ప్రతి గీతలోనూ దేవుణ్ణి వెతకొద్దు. అలెగ్జాండర్ టెట్రాడ్రాక్మ్ మీద సింహాసనంలో కూర్చున్న జియుస్ ముందూ, సింహాసనం కిందా ఉండే చిన్న గుర్తులు, అక్షరాలు చాలావరకు టంకశాలవీ అక్కడి అధికారులవీ. గుడ్లగూబ మీద అడ్డంగా లోతైన గాటు ఉంటే, లోపల రాగి ఏమైనా ఉందేమోనని అప్పటి వ్యాపారులు ఉలితో కొట్టి చూసిన దెబ్బ అది.