ముధోల్ క్రాస్ కుక్కను ఇంట్లో పెంచాలంటే

ముధోల్ హౌండ్ కర్ణాటకలోని బాగల్‌కోట జిల్లా జాతి. ఊరకుక్కతోనో లాబ్రడార్‌తోనో దాటించగా పుట్టిన పిల్లలో ఏ రక్తం ఎంతుందో చూసి చెప్పలేం. పొడవాటి మూతి, లోతైన ఛాతీ, లోపలికి పోయిన పొట్ట ఉంటే మాత్రం వేటకుక్కే అనుకుని పెంచండి.

ఈ జాతి ప్రధానంగా కదలికను చూసి వెంటపడుతుంది. పిల్లి, ఉడుత, కోడి ఏది ఉరికినా ఇదీ ఉరుకుతుంది. ఒకసారి పరుగందుకున్నాక మీ పిలుపు చెవికెక్కదు. అది మొండితనం కాదు, పుట్టుకతో వచ్చిన గుణం. కొట్టినా పోదు. అందుకే రోడ్డు పక్కన, కంచె లేని మైదానంలో తాడు విప్పకండి. ప్రహరీ ఆరడుగులుండాలి. గోడ పక్కన డ్రమ్మో ఇటుకల కుప్పో ఉంటే దాన్ని మెట్టు చేసుకుని దూకేస్తుంది. పొలాల్లో కుందేళ్ల మీదికి ఉసిగొల్పడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

దీని మెడ ఇంచుమించు తలంత లావు. వెనక్కి నాలుగడుగులు వేసిందంటే మామూలు బెల్టు తలమీదుగా ఊడొస్తుంది. రెండంగుళాల వెడల్పున్న మార్టింగేల్ కాలర్ (లాగినప్పుడు కొంతమేరకే బిగిసే బెల్టు) కొనండి. లాగినప్పుడు దాని రెండు రింగులూ ఒకదానికొకటి తగలకుండా రెండు వేళ్ల సందు మిగలాలి. రింగులు తగిలితే కాలర్ వదులుగా ఉన్నట్టు. ఇంట్లో దాన్ని తీసేయండి, దేనికైనా తగులుకుంటే మెడకు బిగుస్తుంది. లాగేకొద్దీ నాలుగైదు మీటర్లు సాగే లీష్ (తాడు) అసలొద్దు. ఆ నాలుగైదు మీటర్లలోనే కుక్క వేగం అందుకుని, తాడు అయిపోగానే మెడకు గట్టి దెబ్బ తగులుతుంది.

పిలిస్తే రావడం విజిల్‌తో నేర్పండి. మొదటి వారం గిన్నె పెట్టే ముందు విజిల్ వేస్తే చాలు. తర్వాత పెరట్లో, ఆపైన బయట పది మీటర్ల తాడుతో. ఆ తాడు హార్నెస్‌కే (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీకే) కట్టాలి, మెడకు కాదు. వచ్చిన ప్రతిసారీ ఉడికించిన కోడి లివర్ ముక్క పెట్టి, ఎక్కువసార్లు మళ్లీ వదిలేయండి. పిలిచిన వెంటనే కట్టేస్తుంటే రావడం మానేస్తుంది.

పొద్దునా సాయంత్రం అరగంట నడక, వారానికి రెండుసార్లు కంచె ఉన్న చోట పరుగు సరిపోతాయి. మిగతా సమయం ఎక్కువగా పడుకునే ఉంటుంది. అలాగని బాల్కనీలో రోజంతా గొలుసుకు కట్టేయడం అన్యాయం. ఎండాకాలంలో ఎండెక్కకముందే తిప్పి తీసుకురండి. తూలుతూ, చిగుళ్లు ఎర్రబడి ఆగకుండా రొప్పుతుంటే ముందు ఒంటినిండా నీళ్లు పోసి ఫ్యాన్ పెట్టండి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరండి.

22 కిలోల కుక్కకు రోజుకు సుమారు 1,100 కేలరీలు, అంటే దాదాపు 300 గ్రాముల పొడి ఆహారం కావాలి. ఒట్టి పెరుగన్నంతో కండ నిలవదు. చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనిపించడం ఈ జాతికి సహజమే. తుంటి ఎముకలు పొడుచుకొస్తేనే చిక్కినట్టు. రెండు పూటలుగా పెట్టి, తిన్నాక కనీసం గంటసేపు పరుగెత్తనివ్వకండి. లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో కడుపు మెలిపడే ప్రమాదం ఎక్కువ. పొట్ట ఉబ్బి, కక్కబోయినా ఏమీ రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు.

చర్మం పలుచన, ముళ్లకంచె తగిలితే చీరుకుపోతుంది. గాయం నోరు తెరుచుకుంటే కుట్లు వేయించాల్సిందే. మోచేతులు కాయలు కాయకుండా నాలుగంగుళాల పరుపు వేయండి.

ఆపరేషన్ అవసరమైతే ఇది హౌండ్ క్రాస్ అని డాక్టరుకు ముందే చెప్పండి. ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి థయోపెంటోన్ లాంటి మత్తుమందు ఇస్తే తేరుకోవడం బాగా ఆలస్యమవుతుంది. రక్తపరీక్షలోనూ తికమక ఉంది. గ్రేహౌండ్ లాంటి వేటకుక్క జాతుల్లో ప్లేట్‌లెట్లు మామూలుగానే తక్కువ. గోమార్ల వల్ల వచ్చే జ్వరంలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అందుకే కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి సీబీసీ (రక్తకణాల లెక్క తేల్చే పరీక్ష) చేయించి, ఆ రిపోర్టును టీకాల కార్డుతో కలిపి దాచండి. జ్వరమొచ్చిన రోజు డాక్టరు పోల్చి చూసుకోవచ్చు.